మత్తులో ఉన్నప్పుడు గొంతులోంచి గుండె స్కానింగ్: నిజంగా అవసరమా?

బెజవాడ_బుజ్జి
మా అమ్మకి 66. 2019లో గుండెపోటు వచ్చింది, ఒక స్టెంట్ వేశారు, అప్పట్నుంచి పంపింగ్ (గుండె ఒక్కో కొట్టుకి బయటికి నెట్టే రక్తం వాటా) 35 శాతం. షుగర్ కూడా ఉంది. ఇప్పుడు పెద్దపేగులో గడ్డ బయటపడింది, పొట్ట కోసి తీయాలి, మూడు నాలుగు గంటలు పడుతుందన్నారు. ఇద్దరు మత్తు డాక్టర్లు వచ్చి చూశారు. కుర్ర డాక్టరేమో "మత్తు ఇచ్చాక గొంతులోంచి ప్రోబ్ దింపి, ఆపరేషన్ అయ్యేదాకా గుండెని స్కాన్‌లో చూస్తూ ఉంటాం, టీఈఈ అంటారు" అన్నాడు. సీనియర్ గారేమో "అవన్నీ ఎందుకమ్మా, చేతికి ఆర్ట్ లైన్ (రక్తనాళంలోంచి బీపీ చూసే సన్న గొట్టం) వేస్తే చాలు" అన్నారు. పోయిన వారమే 2డి ఎకో (ఛాతీ మీంచి గుండె స్కాన్) తీశారు, రిపోర్టు ఫైల్లోనే ఉంది. మళ్ళీ ఎందుకు? అసలు ఊపిరికి ఒక గొట్టం వేస్తారు కదా, దాని పక్కన ఇంకోటా? మంగళవారం ఆపరేషన్. నిద్ర పట్టట్లేదు.

పాతచింతకాయ
బిల్లులో ఇంకో లైను పెరగడానికి. ఇంకేముంది.

ఓటీ_గుడ్లగూబ
పాతచింతకాయ గారూ, ప్రతిదానికీ అదే మాట. నేను మత్తు డాక్టర్నే, హైదరాబాద్‌లో, కాబట్టి నా మాటా బిల్లు మాటే అనుకోండి, కానీ ఒకసారి వినండి.

బుజ్జి గారూ, మీ ఫైల్లో ఉన్న ఎకో అమ్మగారు మెలకువగా, మంచం మీద ఎడమవైపు తిరిగి పడుకుని, తన ఊపిరి తాను పీలుస్తున్నప్పుడు తీసింది. మంగళవారం పరిస్థితి అది కాదు. మత్తు మందు రక్తనాళాలని వదులు చేస్తుంది, గుండె బిగువు కొంచెం తగ్గిస్తుంది. వెంటిలేటర్ గాలిని లోపలికి నెడుతుంది కాబట్టి గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. పైగా పొట్ట కోస్తే కొంత రక్తం పోతుంది. మామూలు గుండె ఇవన్నీ సర్దుకుంటుంది. 35 శాతం గుండెకి సర్దుకునే చోటు తక్కువ.

మీ ఇంటి కుళాయిలో ధార సన్నగా వస్తోందనుకోండి. ట్యాంకు ఖాళీ కావచ్చు, మోటారు దెబ్బతిని ఉండొచ్చు, పైపు ఎక్కడో లీకవుతూ ఉండొచ్చు, లేదా ఎక్కడో చెత్త అడ్డం పడి ఉండొచ్చు. కుళాయి దగ్గర నిలబడి చూస్తే నాలుగింటికీ ఒకటే ధార. మాకు బీపీ 70 కనపడటం అంటే కుళాయి దగ్గర నిలబడటమే. ఆర్ట్ లైన్ వేస్తే ఆ 70ని గుండె కొట్టిన ప్రతిసారీ చూస్తాం, మంచిదే, అది ఎలాగూ వేయాలి. కానీ ఎందుకు 70 అయిందో అది పూర్తిగా చెప్పదు. ఎకో అంటే మేడెక్కి ట్యాంకు మూత తీసి చూడటం.

గొంతులోంచే ఎందుకంటే, అన్నవాహిక గుండెకి సరిగ్గా వెనకాల, ఎడమ పైగదిని ఆనుకుని ఉంటుంది. ఛాతీ మీంచి చూస్తే పక్కటెముకలు, ఊపిరితిత్తుల్లో గాలి అడ్డం. వెనకనుంచి చూస్తే ఏ అడ్డూ లేదు. పైగా ఆపరేషన్ చేసేవాళ్ళకి మన చెయ్యి తగలదు. ఊపిరి గొట్టం శ్వాసనాళంలోకి, ఇది అన్నవాహికలోకి. రెండూ వేరు వేరు దారులు.

సీతాఫలం_సిరి
మా నాన్నకి ఇదే చేశారు, కవాటం రిపేరుకి. తర్వాత రెండు రోజులు గొంతు మంట, ఇడ్లీ కూడా మింగలేకపోయారు. ఊపిరి గొట్టం వల్లా దీనివల్లా అనేది ఎవరూ చెప్పలేదు. అసలు ఇది వేస్తామని ముందు మాతో ఒక్క మాట అనలేదు, డిశ్చార్జి కాగితంలో చదివి తెలుసుకున్నాం.

పాతచింతకాయ
చూశారా.

షిప్‌యార్డ్_సుబ్బారావు
నేను డాక్టర్ని కాదు, వైజాగ్‌లో ఓడల పనిలో ముప్పై ఏళ్ళు యూటీ ఇన్‌స్పెక్టర్ని, రిటైరయ్యాను. యూటీ అంటే అల్ట్రాసోనిక్ టెస్టింగ్, వెల్డింగ్ లోపల కంటికి కనపడని పగుళ్ళుంటే శబ్ద తరంగాలు పంపి పట్టుకోవడం. ఈ గుండె ఎకో మా పనిలోంచే పుట్టింది, ఎవరికీ తెలీదు, అందుకే రాస్తున్నాను. స్వీడన్‌లో లుండ్ ఊళ్ళో ఎడ్లర్ అనే గుండె డాక్టరు, హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రం ఆయన, 1953లో పక్కనే మాల్మో ఓడల కార్ఖానాలో లోహాల పగుళ్ళు వెతికే యంత్రం ఉంటే దాన్ని అడిగి తెచ్చి మనిషి ఛాతీ మీద పెట్టి చూశారు. గుండె కదలిక కనపడింది. మేం 2, 4 మెగాహెర్ట్జ్ ప్రోబులు వాడేవాళ్ళం. గొంతులో దింపేదీ 3 నుంచి 7 దాకానేనని మా కార్డియాలజిస్టు చెప్పాడు. ఇనుముకీ మనిషికీ ఒకటే సూత్రం. మేం గ్రీజు రాసేవాళ్ళం, వీళ్ళు జెల్లీ రాస్తారు, అంతే తేడా.

కాకినాడ_కాజా
సుబ్బారావు గారి పోస్టు కోసమే ఈ ఫోరమ్‌కి వస్తాను. గ్రీజు అట 😂

బెజవాడ_బుజ్జి
ఇది రేడియేషనా? అంతసేపు పెడితే ఏమీ కాదా?

ఓటీ_గుడ్లగూబ
రేడియేషన్ కాదు, శబ్దం. ప్రోబు కొన కొంచెం వేడెక్కుతుంది, ఒక హద్దు దాటితే మెషినే ఆగిపోతుంది. చూడనప్పుడు మేం ఫ్రీజ్ కొట్టి ఉంచుతాం.

స్టెత్_తాతయ్య
1988 నుంచి మత్తు ఇస్తున్నాను. ఆ అమ్మాయికి ఆర్ట్ లైన్ చాలని చెప్పిన సీనియర్ని నేను కాదు గానీ ఆయన పక్షాన మాట్లాడతాను.

గుడ్లగూబ కుళాయి కథ బాగా చెప్పాడు. చెప్పనిది ఏంటంటే, ట్యాంకు మూత తీసినవాడికి నీళ్ళు ఎంత ఉన్నాయో చదవడం రావాలి. నేను కళ్ళారా చూసిన సంగతి. ఎక్కడ అనేది వద్దు. ప్రోబు దింపిన కుర్రాడు ఇరవై నిమిషాలు స్క్రీన్ మీద మంచి బొమ్మ కోసం గుండ్రాలు తిప్పుతున్నాడు, ఈలోగా ఇక్కడ సక్షన్ బాటిల్లో రక్తం లీటరు దాటింది, తల తిప్పి చూడలేదు. సర్జన్ అరిస్తే చూశాడు. మత్తు ఇచ్చేది ఒక్కడే, ఎకో చూసేదీ ఆ ఒక్కడే అయితే రెండింట్లో ఏదో ఒకటి చెడుతుంది.

రెండోది, మత్తులో కనపడే అంకెలు మోసం చేస్తాయి. వార్డులో కవాటం లీకు తీవ్రం అని రాసిన పేషెంటుకి మత్తు ఇవ్వగానే లీకు సగం అయినట్టు కనపడుతుంది. లీకు తగ్గి కాదు, బీపీ పడిపోయి వెనక్కి నెట్టే ఒత్తిడి తగ్గి. అది చూసి "ఏమీ లేదు, రిపేరు వద్దు" అనుకుంటే పేషెంటు మునుగుతాడు. పంపింగ్ శాతం కూడా అంతే.

నాడి మీద వేలు, కళ్ళ కింద రంగు, మూత్రం సంచి. ఇవి ఇప్పటికీ పనిచేస్తాయి.

వాల్వ్_వరలక్ష్మి
తాతయ్య గారూ, కార్డియాక్ మత్తు నాది. రెండో మాటకి దండం, అందుకే లీకు కొలిచే ముందు ఫెనైల్ఎఫ్రిన్ ఇచ్చి బీపీని మామూలు స్థాయికి తెచ్చి చూస్తాం. నాడి మీద వేలు మాటకి మాత్రం నా కేసు ఒకటి చెప్తాను.

తుంటి ఎముక విరిగిన పెద్దావిడ. ఏళ్ళ తరబడి బీపీ, గుండె గోడ మందంగా ఉంది, పంపింగ్ మాత్రం 65 శాతం, బ్రహ్మాండం అనుకున్నాం. మత్తు ఇచ్చిన పది నిమిషాలకి బీపీ 70. సెలైన్ కొంచెం, బీపీ పెంచే ఎఫిడ్రిన్, లాభం లేదు. పక్కాయన అడ్రినలిన్ ఇచ్చాడు. 50. ఇంకొంచెం ఇచ్చాడు. ఇంకా కిందికి. మందు ఇస్తున్నకొద్దీ పడిపోతోంది. చేతులు చల్లబడ్డాయి, ఆవిడవి కాదు, మావి. పక్క ఓటీలోంచి (ఆపరేషన్ థియేటర్) ప్రోబు తెచ్చి దింపితే, గుండె బ్రహ్మాండంగా కొట్టుకుంటోంది, అతిగా కొట్టుకుంటోంది. అడ్డుగోడ మందం వల్ల బయటికి పోయే దారి ముందే ఇరుకు, అడ్రినలిన్‌తో గుండె గట్టిగా పిండుతుంటే ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం రెక్క ఆ దారిలోకి లాక్కుపోయి తలుపు మూసేస్తోంది. మేం ఇచ్చిన మందే తలుపు మూసింది. అడ్రినలిన్ ఆపి, ద్రవాలు ఎక్కించి, ఫెనైల్ఎఫ్రిన్, కొంచెం ఎస్మొలాల్ ఇచ్చి గుండె వేగం తగ్గిస్తే ఐదు నిమిషాల్లో 110. నాడి మీద వేలు పెడితే ఈ సంగతి తెలిసేదా?

స్టెత్_తాతయ్య
వార్డులో ఛాతీ మీద స్టెత్ పెట్టి ఉంటే మర్మర్ (గుండెలో అదనపు శబ్దం) వినపడేదేమో.

వాల్వ్_వరలక్ష్మి
మెలకువలో ఆ అడ్డు లేదు సార్. మత్తులోనే పుట్టింది.

కాకినాడ_కాజా
1-0

ఓటీ_గుడ్లగూబ
బుజ్జి గారి అమ్మగారి విషయంలో ఇంకో లాభం కూడా ఉంది. పాత గుండెపోటు ఉంది కాబట్టి ఆపరేషన్ మధ్యలో మళ్ళీ రక్తం అందకపోతే? ప్రోబుని కడుపులోకి దింపి పైకి వంచితే ఎడమ కింది గది అడ్డంగా కోసినట్టు గుండ్రంగా కనపడుతుంది, మధ్యలో చిల్లు, అచ్చం గారె. ఆ ఒక్క గారెలో మూడు పెద్ద రక్తనాళాల వాటాలూ ఉంటాయి. ఏ నాళం మూసుకుంటే ఆ వైపు గోడ లోపలికి రావడం మానేస్తుంది, ఈసీజీలో గీత మారక ముందే. అయితే ఈవిడకి పాత దెబ్బ తగిలిన గోడ ముందే కదలదు, అందుకే మత్తు ఇవ్వగానే ఒకసారి వీడియో తీసి పెట్టుకుని, తర్వాత దానితో పోల్చాలి.

పాతచింతకాయ
రాత్రి పదకొండింటికి గారె అంటారా. ఆకలేస్తోంది.

డల్లాస్_దోసకాయ
ఇక్కడ కార్డియాక్ ఓటీలో పని నాది. అమెరికా మత్తు డాక్టర్ల సంఘం 2010లో రాసిన మార్గదర్శకాల ప్రకారం గుండె తెరిచే ఆపరేషన్లకీ, ఛాతీలో బృహద్ధమని ఆపరేషన్లకీ పెద్దవాళ్ళందరికీ ఇది వాడాలి, గొంతులో వేయకూడని కారణం ఉంటే తప్ప. మిగతా ఆపరేషన్లకి, ఉన్న గుండె జబ్బు వల్ల ప్రాణం మీదికి రావొచ్చనుకుంటే వాడొచ్చు. కారణం తెలియకుండా బీపీ పడి, మందులకి లేవకపోతే, మెషిన్ ఉంటే వాడాలి. బుజ్జి గారి అమ్మ "వాడొచ్చు" దగ్గరుంది. కాబట్టి ఇద్దరు డాక్టర్లలో ఎవరూ తప్పు చెప్పలేదు.

తాతయ్య గారు అన్న చదవడం రావాలి అనే మాటకి, ఇక్కడ దానికి రెండు వేరే పరీక్షలు. బేసిక్‌కి 11 కోణాలు తెలిస్తే చాలు, పూర్తి పరీక్షకి 28. బేసిక్ వాళ్ళు బీపీ ఎందుకు పడింది అన్నంతవరకే చెప్పాలి, కవాటం కోయాలా వద్దా అని సర్జన్‌కి చెప్పకూడదు.

సీతాఫలం_సిరి
మన దగ్గర?

వాల్వ్_వరలక్ష్మి
మన దగ్గరా గుండె మత్తు డాక్టర్ల సంఘం ఐయాక్టా ఉంది, వర్క్‌షాపులు, పరీక్ష పెడతారు. కానీ ఓటీ తలుపు మీద "ఈయన పరీక్ష పాసయ్యారు" అని ఎవరూ రాయరు. మీరే అడగాలి. అడిగితే కోప్పడితే అదీ ఒక జవాబే.

మెషిన్_మాధవ్
బయోమెడికల్‌లో (ఆసుపత్రి మెషిన్లు చూసుకునే విభాగం) పనిచేస్తా. ఎవరూ చెప్పని కష్టం ఒకటి. టీఈఈ మెషిన్ కూడా అల్ట్రాసౌండే కాబట్టి 1994 లింగనిర్ధారణ చట్టం కింద రిజిస్టర్ చేయాలి. గొంతులోకి దింపే ప్రోబుతో గర్భం కనపడదని మాకూ తెలుసు, కానీ అదే మెషిన్‌కి ఇంకో ప్రోబు తగిలిస్తే కనపడుతుంది కదా. నేను పాత చోట చేసినప్పుడు మెషిన్ క్యాథ్ ల్యాబ్ (యాంజియోగ్రామ్ చేసే గది) పేరు మీద ఉండేది, అత్యవసరంగా ఓటీకి తోసుకెళ్ళాలంటే కాగితాల భయంతో ఎవరూ కదిపేవాళ్ళు కాదు. మెషిన్ ఉండీ లేనట్టే. ఇంకా, ప్రోబు ఒక్కటే లక్షల్లో ఉంటుంది. పేషెంటు పళ్ళ మధ్య బైట్ గార్డ్ (కొరకకుండా పెట్టే అడ్డు) పెట్టకుండా దింపి, కొరికించి, నా దగ్గరికి తెచ్చి "ఏదో గీత పడింది" అంటారు. గీత కాదు అది, దంతముద్ర.

కాకినాడ_కాజా
దంతముద్ర 😂😂 వారంటీ ఉంటుందా

మెషిన్_మాధవ్
కొరుకుడికి ఉండదు.

పాతచింతకాయ
సరే, నేను ఓ మెట్టు దిగుతాను. గొంతు చిల్లు పడదా మరి? అది చెప్పండి.

వాల్వ్_వరలక్ష్మి
పడే అవకాశం ఉంది, చాలా అరుదు. 2001లో ప్రచురించిన లెక్క ఒకటి మేమంతా చదువుకున్నదే. గుండె ఆపరేషన్ల 7,200 మందిలో దీనివల్ల చనిపోయినవాళ్ళు లేరు, అన్నిరకాల ఇబ్బందులూ కలిపి 0.2 శాతం, ఎక్కువ భాగం మింగేటప్పుడు నొప్పి లాంటివి. అన్నవాహికకి చిల్లు ఒక్కరికి. సీతాఫలం గారి నాన్నకి చెప్పకపోవడం మాత్రం తప్పే, ముందు చెప్పి సంతకం తీసుకోవాలి.

రాత్రిడ్యూటీ_సిస్టర్
ఇంతమంది ఇంత రాశారు, ఒక్కరూ అడగలేదు. బుజ్జీ, అమ్మకి మింగేటప్పుడు ఏమైనా అడ్డుపడినట్టు ఉంటుందా? కట్టుడుపళ్ళు, కదిలే పళ్ళు ఉన్నాయా? రక్తపు వాంతులు, లివర్ జబ్బు, గొంతుకీ ఛాతీకీ రేడియేషన్, పొట్ట పైభాగంలో ఆపరేషన్ ఏమైనా అయ్యాయా? నేను ప్రీ-ఆప్ (ఆపరేషన్ ముందు) కాగితం నింపేటప్పుడు ఇవన్నీ అడుగుతాను, చాలామంది "ఏం లేదమ్మా" అనేసి, ఓటీ తలుపు దగ్గర పళ్ళసెట్టు తీసి చేతిలో పెడతారు.

బెజవాడ_బుజ్జి
పళ్ళసెట్టు ఉంది, పైవరస. మింగడం... ఇప్పుడే అమ్మని అడిగాను. "ఏడాదిగా చపాతీ, మాంసం ముక్క ఛాతీ మధ్యలో ఆగినట్టుంటుంది, నీళ్ళు తాగితే దిగుతుంది, గ్యాసేలే అనుకున్నా" అంది! ఏడాదిగా! మాకెవరికీ చెప్పలేదు. రోజూ మజ్జిగన్నమే తింటుంటే పథ్యం చేస్తోందనుకున్నాం.

రాత్రిడ్యూటీ_సిస్టర్
పొద్దున్నే మత్తు డాక్టర్‌కి ఈ మాట యథాతథంగా చెప్పు. గ్యాస్ అనే పదం వాడకు.

ఓటీ_గుడ్లగూబ
సిస్టర్ గారికి నమస్కారం. నేనే అడగాల్సింది, కుళాయి కథలో పడి మర్చిపోయాను. బుజ్జి గారూ, ముందు ఎండోస్కోపీ చేయకుండా ప్రోబు దింపనివ్వకండి. అన్నవాహిక సన్నబడి ఉంటే ఇందాక లెక్కలు చెప్పిన ఆ అరుదైన చిల్లు అరుదు కాకుండా పోతుంది.

స్టెత్_తాతయ్య
నా ముప్పై ఏళ్ళ పైచిలుకులో నేర్చుకున్నదంతా ఆ సిస్టర్ రెండు లైన్లలో రాసింది. యంత్రం కన్నా ముందు పేషెంటుని అడగాలి.

బెజవాడ_బుజ్జి
ఎండోస్కోపీ అయింది. అన్నవాహిక కింద భాగం సన్నబడిందట, ఏళ్ళ తరబడి ఆమ్లం పైకి తన్నడం వల్ల. ముక్క తీసి పరీక్షకి పంపారు, చెడ్డది కాదని వచ్చింది. టీఈఈ వద్దన్నారు. కుర్ర డాక్టరే "మంచి మాట చెప్పారు" అన్నాడు, కోప్పడలేదు. ఆపరేషన్ శుక్రవారానికి మార్చారు. ఇప్పుడు గుండెని ఎలా చూస్తారు మరి?

వాల్వ్_వరలక్ష్మి
ఛాతీ మీంచే చూడొచ్చు. పొట్ట ఆపరేషన్ కాబట్టి పక్కటెముకల కిందనుంచి చూసే కోణం పోతుంది, ఎడమ రొమ్ము కింద, ఎముక పక్కన కోణాలు మిగులుతాయి. వెంటిలేటర్ గాలి వల్ల మసకగా రావొచ్చు, బొమ్మ దొరికే క్షణంలో గాలి ఒక్క నిమిషం ఆపి చూస్తాం. మత్తు ఇవ్వకముందు ఒకసారి చూసి చర్మం మీద పెన్నుతో గుర్తు పెట్టుకోమనండి, ఆకుపచ్చ గుడ్డ కప్పాక వెతుక్కోనక్కర్లేదు.

మెషిన్_మాధవ్
ఒక్క నిమిషం?

వాల్వ్_వరలక్ష్మి
నోరు జారింది. కొన్ని సెకన్లు. నిమిషం కాదు.

షిప్‌యార్డ్_సుబ్బారావు
పెన్ను గుర్తు! మేం సుద్దముక్కతో పెట్టేవాళ్ళం, ప్లేటు మీద.

బెజవాడ_బుజ్జి
ఆపరేషన్ అయిపోయింది. అమ్మ ఐసీయూలో ఉంది, గొట్టం తీసేశారు, మాట్లాడుతోంది. డాక్టర్ చెప్పింది చెప్తాను, మీకు నాకంటే బాగా అర్థమవుతుంది. ఆపరేషన్ మొదలైన గంట తర్వాత బీపీ 75కి పడిందట. పంపింగ్ తక్కువ మనిషి కదా, గుండె అలసిపోయిందేమో అని బలం మందు డ్రిప్ సిద్ధం చేశారు. గుడ్డ కిందనుంచి చెయ్యి పెట్టి ఛాతీ మీద చూస్తే గుండె ముందు రోజు కొట్టుకున్నట్టే కొట్టుకుంటోంది, గది మాత్రం ముందు రోజుకంటే చిన్నదైంది. ముందు రాత్రి పేగు కడగడానికి తాగించిన మందుతో ఒంట్లో నీళ్ళన్నీ పోయాయట. డ్రిప్ పక్కన పెట్టి సెలైన్ 250 ఎక్కించి చూసి, మళ్ళీ 250 ఎక్కించి చూశారు. బీపీ 105 అయింది.

స్టెత్_తాతయ్య
సంతోషం. కానీ పేగు కడిగిన పేషెంటుకి నీళ్ళు తక్కువుంటాయని నేను ఎకో లేకుండానే చెప్పేవాణ్ణి.

ఓటీ_గుడ్లగూబ
చెప్పేవారు సార్, సందేహం లేదు. 35 శాతం గుండెకి ఎంత ఎక్కించాక ఆపేవారు?

స్టెత్_తాతయ్య
...అది అడగాల్సిన ప్రశ్నే. అరలీటరు దగ్గర భయపడేవాణ్ణి. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందని స్టెత్ పెట్టి వింటూ కూర్చునేవాణ్ణి.

కాకినాడ_కాజా
2-0. కాదు, సిస్టర్ గారికి 3.

పాతచింతకాయ
బిల్లు ఎంతయిందో చెప్పలేదు.

బెజవాడ_బుజ్జి
ఇంకా రాలేదు, వచ్చాక ఫొటో పెడతాను, టీఈఈ లైను ఉంటే మీరే గొడవకి రండి. ఇంకో సంగతి, అన్నవాహిక సన్నబడింది కదా, నెల తర్వాత బెలూన్ పెట్టి వెడల్పు చేయాలన్నారు. దానికి మళ్ళీ మత్తు ఇస్తారా?

ఓటీ_గుడ్లగూబ
కొత్త థ్రెడ్ తెరవండి. పళ్ళసెట్టు ఎక్కడ పెట్టారో ముందు గుర్తు చేసుకోండి.

బెజవాడ_బుజ్జి
అయ్యో. నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. అమ్మ అందుకేనా పొద్దుట్నుంచి సైగలు చేస్తోంది.